కాందిశీక చిత్రకారుడు యూజెఫ్ చాప్‌స్కి: తరచుగా అడిగే ప్రశ్నలు

చాప్‌స్కి పేరు తెలిసినవారిలో కూడా చాలామందికి ఆయన చిత్రకారుడని తెలియదు. 1940లో సోవియట్ రహస్య పోలీసులు వేలమంది పోలిష్ ఖైదీలను చంపిన కతీన్ మారణకాండ చరిత్ర చదివినవారికి ఆయన ఒక సాక్షి. ఫ్రెంచి సాహిత్యం చదివినవారికి, ఖైదీల శిబిరంలో ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్త్ నవల మీద ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి. బొమ్మల సంగతి ఆ తర్వాత ఎప్పుడో ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఇది నాకు అన్యాయం అనిపిస్తుంది. తొంభై ఆరేళ్లు బతికి, కళ్లు మసకబారినా కుంచె వదలని మనిషి ఆయన. తప్పిపోయినవారిని వెతకడం, చేతిలో పుస్తకం లేకుండా ఒక మహానవలను గుర్తు తెచ్చుకుని చెప్పడం, మెట్రో రైల్లో ఎవరూ పట్టించుకోని ముసలావిడను గీయడం, ఈ మూడింటినీ ఒకే చూపు చేయించిందని నా నమ్మకం. నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు ఆ నమ్మకంతోనే జవాబులు రాస్తున్నాను.

ఆయన పేరు ఎలా పలకాలి?

యూజెఫ్ చాప్‌స్కి. పోలిష్ లిపిలో 'చ' ధ్వనికి రెండు అక్షరాలు కలిపి రాస్తారు. అందుకే ఆ పేరును ఇంగ్లిషు పద్ధతిలో చదివినవారు 'జాప్‌స్కీ' అంటుంటారు.

పుట్టింది ప్రాగ్‌లో, పెరిగింది నేటి బెలారుస్‌లో, పోయింది ఫ్రాన్స్‌లో. మరి పోలండ్ చిత్రకారుడు ఎలా అయ్యాడు?

1896 ఏప్రిల్ 3న ఆయన పుట్టేనాటికి ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశమే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి 18వ శతాబ్దం చివరికల్లా దాన్ని పూర్తిగా పంచేసుకున్నాయి. అది మళ్లీ దేశమైంది 1918లో. తండ్రిది పోలిష్ జమీందారీ కుటుంబం, తల్లిది ఆస్ట్రియా ప్రభువుల వంశం. బాల్యమంతా మిన్స్క్ నగరానికి దగ్గర్లో ఉన్న ప్రిలూకి ఎస్టేటులో గడిచింది. ఏడేళ్ల వయసులో తల్లి పోయింది. పై చదువు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, అదీ న్యాయశాస్త్రం. ఇన్ని భాషల మధ్య, ఇన్ని రాజ్యాల మధ్య పెరిగిన పిల్లవాడు ఏ దేశంవాడైనా అయ్యుండవచ్చు. ఆయన పోలండ్‌ను ఎంచుకున్నాడు. పోలిష్‌లో రాశాడు, పోలండ్ సైన్యంలో చేరాడు.

1921లో పోలండ్‌కూ సోవియట్ రష్యాకూ మధ్య సరిహద్దు గీసినప్పుడు ప్రిలూకి అవతలి వైపుకు పోయింది. అంటే ఆయన ఇల్లు పోగొట్టుకోవడం 1939లో మొదలు కాలేదు. తొలి ఇల్లు పాతికేళ్లకే పోయింది.

ఆయన సైనికుడా, శాంతివాదా?

రెండూ. 1917లో పోలిష్ అశ్వికదళంలో చేరాడు. మనిషిని చంపడం తన వల్ల కాదని తేల్చుకుని బయటికి వచ్చేశాడు. విప్లవం నాటి పెట్రోగ్రాడ్‌లో (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు) అక్కచెల్లెళ్లతో, ఒకరిద్దరు మిత్రులతో కలిసి ప్రార్థన, అహింస ఆధారంగా ఒక చిన్న సహజీవనాన్ని ప్రయత్నించాడు. అది నిలవలేదు.

ఆ తర్వాత మళ్లీ సైన్యం దగ్గరికి వెళ్లి, ఆయుధం పట్టనవసరం లేని పని ఏదైనా ఇవ్వమని అడిగాడు. ఇచ్చిన పని ఏమిటంటే, రష్యాలో ఆచూకీ లేకుండా పోయిన తన దళం అధికారులను వెతికి రావడం. వెళ్లాడు. వారిని అప్పటికే కాల్చి చంపేశారన్న కబురుతో తిరిగి వచ్చాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు కూడా నిండినట్టు లేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే పని, ఇంతకు వందల రెట్లు పెద్దదై, మళ్లీ ఆయన నెత్తిన పడింది. చాప్‌స్కి జీవితం చదివేటప్పుడు నేను ఎప్పుడూ ఆగిపోయేది ఈ చోటనే.

1920 నాటి పోలండ్, సోవియట్ యుద్ధంలో మాత్రం ఆయుధం పట్టి పోరాడాడు. పోలండ్ అత్యున్నత సైనిక పురస్కారం 'విర్తూతి మిలితారి' అందుకున్నాడు.

చిత్రకళ ఎక్కడ నేర్చుకున్నాడు?

1921లో క్రాకోవ్ లలితకళా అకాడమీలో చేరాడు. అక్కడ గురువు యూజెఫ్ పాన్‌కెవిచ్. ఫ్రెంచి వర్ణచిత్రాలను దగ్గరగా చూసి వచ్చినవాడు. ఆయన శిష్యులు కొందరు పారిస్ వెళ్లాలని ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు 'పారిస్ కమిటీ'. పోలిష్‌లో ఆ పేరు మొదటి అక్షరాలు కలిపితే 'కపె' వస్తుంది కాబట్టి వారికి 'కపిస్టులు' అని పేరు పడింది. యాన్ చిబిస్, జిగ్మూంత్ వలిషెవ్‌స్కి, హన్నా రూద్జ్‌కా వంటివారు అందులో ఉన్నారు. 1924లో ఆరు వారాలు ఉండి వద్దామని బయలుదేరి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు.

ఫ్రెంచి చిత్రకారులు సెజాన్, బొనార్ వారికి ఆరాధ్యులు. కథ చెప్పడం, చరిత్ర ఘట్టాలు గీయడం బొమ్మ పని కాదు, రంగు పక్కన రంగు నిలబడి చేసే పనే బొమ్మ అని వారి వాదం. శతాబ్దం పైగా దేశం లేని పోలండ్‌లో చిత్రకళ అంటే వీరగాథలు, పోయిన రాజ్యాల వైభవం. దాని నుంచి ఊపిరి పీల్చుకోవడానికి ఆ కుర్రవాళ్లకు కిటికీ పక్కన పెట్టిన ఒక పండ్ల పళ్లెం అవసరమైంది. నాకు ఇది పూర్తిగా అర్థమవుతుంది.

1930ల మొదట్లో చాప్‌స్కి వార్సా చేరి, బొమ్మలు వేస్తూ, కళ మీద వ్యాసాలు రాస్తూ గడిపాడు. ఆ రోజుల్లో వేసిన బొమ్మల్లో అత్యధిక భాగం యుద్ధంలో నాశనమైపోయాయి. నేడు మనం చూసే చాప్‌స్కి దాదాపుగా యాభై ఏళ్లు దాటిన చాప్‌స్కి.

కాందిశీకుడు ఎలా అయ్యాడు?

1939 సెప్టెంబరు 1న జర్మనీ, 17న సోవియట్ సైన్యం పోలండ్‌లోకి వచ్చాయి. రిజర్వు అధికారిగా పిలుపు అందుకున్న చాప్‌స్కి ఆ నెలాఖరున సోవియట్ సైన్యానికి చిక్కాడు. ఉక్రెయిన్‌లోని స్తారొబెల్స్క్‌లో, ఒకప్పటి క్రైస్తవ మఠంలో పెట్టిన శిబిరానికి పంపారు. అక్కడ దాదాపు 3,900 మంది. వృత్తి సైనికులు కొందరే. మిగిలినవారు యుద్ధం వచ్చి సైనికుల కోటు తొడుక్కున్న డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, న్యాయవాదులు, కవులు.

1940 ఏప్రిల్, మే నెలల్లో వారిని కొద్దికొద్దిమందిగా ఎక్కడికో తరలించారు. ఇంటికి పంపుతున్నారని ఆశ. ముందు పిలుపు వచ్చినవారిని చూసి వెనకబడినవారు అసూయపడ్డారు. పిలుపు వచ్చినవారిని నిజానికి తీసుకువెళ్లింది ఖార్కివ్‌కు. అక్కడ సోవియట్ రహస్య పోలీసులు వారిని కాల్చి చంపారు. ఇలాంటివే మరో రెండు శిబిరాలు ఉండేవి: కొజెల్స్క్ శిబిరంవారిని కతీన్ అడవిలో, ఒస్తాష్‌కొవ్ శిబిరంవారిని కలీనిన్ నగరంలో చంపారు. జైళ్లలో ఉన్నవారితో కలిపి మొత్తం దాదాపు 22,000 మంది. మూడు శిబిరాల నుంచీ ప్రాణాలతో మిగిలినవారు సుమారు 400. స్తారొబెల్స్క్ నుంచి మిగిలినవారు 79 మంది. అందులో చాప్‌స్కి ఒకడు. తానెందుకు మిగిలాడన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వదల్లేదు.

ఖైదీల శిబిరంలో ప్రూస్త్ మీద ఉపన్యాసాలు ఇచ్చాడన్నది నిజమేనా? పుస్తకం ఎక్కడ దొరికింది?

నిజమే. పుస్తకం దొరకలేదు. అదే ఇందులో విశేషం.

మిగిలిన నాలుగు వందల మందిని చివరికి రష్యా ఉత్తరాన, వొలొగ్దా దగ్గరి గ్ర్యాజొవెత్స్‌లో ఉంచారు. అదీ పాడుబడిన మఠమే. 1940, 41 చలికాలం. పగలంతా బయట పని. చలి సున్నాకు 40, 45 డిగ్రీల కిందికి పోయేది. పని ముగించుకుని వచ్చి, తడిసిన కోట్లతోనే ఒక గదిలో ఇరుక్కుని కూర్చునేవారు. గోడ మీద మార్క్స్, ఎంగెల్స్, లెనిన్ పటాలు. వాటి కింద సాయంత్రం తరగతి. ఎవరికి ఏది తెలిస్తే అది చెప్పాలి. ఒకరు పుస్తకం పుట్టుక చరిత్ర చెప్పారు. ఒక మతాచార్యుడు జాతుల వలసల గురించి, ఒక ఆచార్యుడు వాస్తుశిల్పం గురించి, పర్వతారోహణలో దిట్ట అయిన ఒక అధికారి దక్షిణ అమెరికా గురించి చెప్పారు. స్తారొబెల్స్క్‌లో ఇలాంటి ప్రయత్నం మొదలుపెట్టినవారిని వెంటనే వేరుచేసి పంపేశారు. ఇక్కడ మాత్రం, చెప్పబోయే పాఠం ముందుగా సెన్సారుకు రాసివ్వాలన్న షరతు మీద అనుమతి దొరికింది.

చాప్‌స్కి తన వంతుకు చిత్రకళ, ఫ్రెంచి సాహిత్యం తీసుకున్నాడు. ప్రూస్త్‌ను ఆయన కుదురుగా చదివింది 1926లో, టైఫాయిడ్ నుంచి కోలుకుంటూ లండన్‌లో మంచం పట్టిన రోజుల్లో. పద్నాలుగేళ్ల తర్వాత, పుట లేదు, పంక్తి లేదు, ఉన్నది జ్ఞాపకమే. నోటు పుస్తకంలో రంగు రంగుల గీతలతో పటాలు వేసుకున్నాడు. ఏ పాత్ర ఎవరికి ఏమవుతుంది, ఏ మాట ఎక్కడికి దారి తీస్తుంది, ప్రేమ, అసూయ, మరణం ఎక్కడెక్కడ కలుస్తాయి, అన్నీ చెట్టు కొమ్మల్లా పాకి ఉంటాయి ఆ పుటల మీద. ఫ్రెంచిలో మాట్లాడాడు. కొంత భాగాన్ని ఇద్దరు సహచరులు రాసుకున్నారు. ఎంగిలి గిన్నెల వాసన, క్యాబేజీ వాసన నిండిన చల్లటి భోజనశాలలో కూర్చుని ఆయన చెబుతుంటే వారు రాశారు. ఈ రోజు మన దగ్గర ఉన్న పాఠం అదే.

ఆ ఉపన్యాసాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం బెర్గోత్ మరణం. నవలలో బెర్గోత్ ఒక ముసలి రచయిత. జబ్బుతో ఉండి కూడా డచ్చి చిత్రకారుడు వెర్మీర్ వేసిన డెల్ఫ్ట్ నగర దృశ్యం చూడటానికి ప్రదర్శనకు వెళతాడు. అందులో ఒక చిన్న పసుపుపచ్చ గోడ ముక్క దగ్గర ఆయన చూపు నిలిచిపోతుంది. తాను కూడా ఇలా, పొర మీద పొరగా రంగు వేసినట్టు రాసి ఉండాల్సిందని అనుకుంటూ అక్కడే కుప్పకూలి చనిపోతాడు. ఆకలితో, పేలతో, రేపు ఏమవుతుందో తెలియని మనుషులు బల్లల మీదా నేల మీదా కూర్చుని, పసుపు రంగు వేసిన ఒక అంగుళం గోడ గురించి విన్నారు. తమ మెదడు ఇంకా పని చేస్తున్నదని, చుట్టూ ఉన్న దుస్థితితో ఏ సంబంధమూ లేని విషయాల మీద ఆలోచించగలుగుతున్నామని తెలియడమే అప్పుడు సంతోషంగా ఉండేదని చాప్‌స్కి తర్వాత రాశాడు.

జ్ఞాపకం మీద చెప్పిన పాఠంలో తప్పులు లేవా?

ఉన్నాయి. అక్కడక్కడ సంఘటనలు కలిసిపోయాయి, మాటలు మారిపోయాయి. ఇది సాహిత్య విమర్శ కాదని, తాను ఎంతో రుణపడిన ఒక రచన గురించిన జ్ఞాపకాలు మాత్రమేనని ఆయనే ముందుమాటలో స్పష్టంగా చెప్పుకున్నాడు. అచ్చులో పోలిష్‌లో 1948లో, ఫ్రెంచిలో 1987లో వచ్చాయి.

తప్పిపోయిన అధికారుల కోసం వెతుకులాట ఎలా జరిగింది?

1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దాడి చేశాడు. జులై 30న పోలండ్ ప్రవాస ప్రభుత్వానికీ సోవియట్ ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. ఖైదీలకు విడుదల. జనరల్ ఆండర్స్ నాయకత్వాన సోవియట్ గడ్డ మీదే పోలండ్ సైన్యం ఏర్పడసాగింది. చాప్‌స్కి అందులో చేరాడు.

సైన్యానికి అధికారులు కావాలి. వేలమంది అధికారులు ఖైదులో ఉన్నారని అందరికీ తెలుసు. కానీ ఒక్కరూ రావడం లేదు. ఇంట్లో వారికి 1940 వసంతం నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఈ లెక్క తేల్చే పని చాప్‌స్కికి అప్పగించారు. ఆర్కిటిక్ తీరం నుంచి, మధ్య ఆసియా నుంచి, గనుల నుంచి, అడవుల నుంచి గుడ్డపేలికలు చుట్టుకుని రోజూ వందలాది మంది సైన్యం శిబిరానికి వస్తుండేవారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆయన అడిగేవాడు: స్తారొబెల్స్క్‌వాళ్లు ఎవరైనా కనబడ్డారా? కొజెల్స్క్‌వాళ్లు? ఫలానా పేరు విన్నారా? కొందరు ఉత్తర ధ్రువం దిక్కున దీవుల్లో ఉన్నారన్నారు. కొందరు కొలిమా గనుల్లో అన్నారు. ప్రతి పుకారునూ ఆయన రాసుకున్నాడు. తోటి ఖైదీల జ్ఞాపకం నుంచి పేరు పేరునా జాబితా తయారైంది.

1941 డిసెంబరు 3న ప్రధాని సికోర్‌స్కి, జనరల్ ఆండర్స్ క్రెమ్లిన్‌లో స్టాలిన్‌ను కలిసి దాదాపు 4,000 పేర్ల జాబితా చేతికిచ్చారు. వారు పారిపోయి ఉంటారని స్టాలిన్ అన్నాడు. ఎక్కడికి అని అడిగితే, మంచూరియాకు అన్నాడు.

1942 చలికాలంలో చాప్‌స్కి స్వయంగా బయలుదేరాడు. చ్కాలొవ్ నగరంలో శిబిరాల విభాగం అధిపతి జనరల్ నసేద్‌కిన్ గదిలో, సోవియట్ యూనియన్ పెద్ద పటం మీద శిబిరాలన్నీ గుర్తులు పెట్టి ఉండటం చూశాడు. చిత్రకారుడి కన్ను కదా, అడిగినదానికి జవాబు రాకపోయినా ఆ పటాన్ని మనసులో అచ్చు వేసుకున్నాడు. ఫిబ్రవరి 3న మాస్కోలో, రహస్య పోలీసుల ప్రధాన కార్యాలయం లుబ్యాంకాలో జనరల్ రైఖ్‌మన్‌ను కలిశాడు. రాసి తెచ్చిన వినతిపత్రం ఆ అధికారి పెన్సిలుతో ఒక్కో పంక్తే చదివాడు. ముఖంలో కదలిక లేదు. తనకేమీ తెలియదన్నాడు. తర్వాత కొద్ది రోజులకు అర్ధరాత్రి ఫోను వచ్చింది. మళ్లీ కలవడం కుదరదని కబురు.

నిజం ఎప్పుడు బయటపడింది?

1943 ఏప్రిల్‌లో కతీన్ సమాధులను జర్మన్లు ప్రకటించారు. నేరం జర్మన్లదేనని సోవియట్ ప్రభుత్వం ఎదురు ఆరోపణ చేసి, దాదాపు అర్ధశతాబ్దం ఆ మాట మీదే నిలబడింది. స్తారొబెల్స్క్ జ్ఞాపకాలను చాప్‌స్కి యుద్ధం ముగియకముందే చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. వెతుకులాట కథ మొత్తాన్ని 1949లో 'అమానవీయ భూమి' అన్న అర్థం వచ్చే పేరుతో ప్రచురించాడు. 1952లో అమెరికా కాంగ్రెస్ వేసిన విచారణ సంఘానికి సాక్ష్యం చెప్పాడు. కమ్యూనిస్టు పోలండ్‌లో ఆ పుస్తకానికి ప్రవేశం లేదు.

1990 ఏప్రిల్ 13న సోవియట్ ప్రభుత్వం ఒప్పుకుంది. చంపించింది తమ రహస్య పోలీసులే. అప్పటికి చాప్‌స్కి వయసు 94. ఆ మాట వినేదాకా బతికి ఉన్నాడు.

ఫ్రాన్స్‌లో బతుకు ఎలా గడిచింది?

ఆండర్స్ సైన్యంతో పాటు ఇరాన్, ఇరాక్, పాలస్తీనా మీదుగా ఇటలీ చేరి, యుద్ధం ముగిశాక పారిస్ వచ్చాడు. 1947లో పారిస్ శివారు మేజో లఫీత్‌లో 'కుల్తూరా' పత్రిక స్థిరపడింది. సంపాదకుడు యెజీ గెద్రొయ్చ్. పోలిష్ ప్రవాస సాహిత్యానికి అదే పుట్టిల్లు. పోలిష్ కవి చెస్వావ్ మీవోష్ దేశం విడిచి వచ్చినప్పుడు తలదాచుకున్నదీ అక్కడే. అక్కడ చిన్న అచ్చులో వేసిన, జేబులో పట్టే పుస్తకాలు దొంగచాటుగా పోలండ్ చేరేవి. తాత్రా పర్వతాల మీదుగా వాటిని మోసిన యువకులకు 1970లో జైలు శిక్షలు పడ్డాయి.

ఆ ఇంటి కోసం చాప్‌స్కి చందాలు అడగడానికి అమెరికా, కెనడా, దక్షిణ అమెరికా తిరిగాడు. దాదాపు ఆరున్నర అడుగుల సన్నటి మనిషి, పాత దొరబిడ్డ, వలస కార్మికుల సభల్లో నిలబడి పత్రిక కోసం చెయ్యి చాచాడు. 1954లో అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు పాఠకుల డబ్బుతోనే సొంత ఇల్లు కొన్నారు. అందులో మేడ మీద ఒక చిన్న గది చాప్‌స్కిది. పడక, పుస్తకాలు, ఈజిల్, బొమ్మలు అన్నీ అందులోనే. పక్కన చరిత్రకారిణి అయిన అక్క మరియా. 1981లో ఆమె పోయేదాకా ఇద్దరూ ఒకే కప్పు కింద బతికారు.

ఆయన బొమ్మల్లో ఏముంటుంది?

ఒంటరి మనుషులు ఉంటారు. కాఫీ హోటల్లో బల్ల ముందు కూర్చున్న ఒకడు. మెట్రో ప్లాట్‌ఫారం బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకున్న ఒక ఆవిడ. నాటకశాల బాల్కనీ ఎరుపులో సగం మునిగిన ఒక ముఖం. రైలు కిటికీ. చావడిలో వేచి ఉన్న వీపులు. చాలాసార్లు చట్రం అంచు మనిషిని మధ్యలో కోసేస్తుంది. కాళ్లు తెగిపోతాయి, భుజం బయటికి పోతుంది. నిలబెట్టి గీసిన బొమ్మలా కాక, మనం తల తిప్పినప్పుడు కంట పడిన క్షణంలా ఉంటుంది. రంగు మాత్రం కపిస్టుల దగ్గర నేర్చుకున్న రంగే. ఒక బూడిద గోడ పక్కన నిమ్మపండు పసుపు, దాని మీద ఒక నల్లటి గీత. అంతటితో గది అంతా మోగుతుంది.

పని చేసే పద్ధతి ఇది. ఎప్పుడూ జేబులో నోటు పుస్తకం. బస్సులో, రైల్లో, హోటల్లో ఏదైనా పట్టి లాగినట్టు కనబడితే నాలుగు గీతల్లో అక్కడికక్కడే గీసి, ఏ చోట ఏ రంగో పక్కన మాటల్లో రాసుకునేవాడు. ఇంటికి వెళ్లాక ఆ గీతల నుంచి కాన్వాసు మీద చిత్రం. పుస్తకం లేకుండా నవలను తిరిగి కట్టిన మనిషి, ఎదుట లేని ముసలావిడను కూడా అలాగే తిరిగి కట్టేవాడు.

శిబిరాన్ని, కతీన్‌ను ఎందుకు గీయలేదు?

నన్ను బాగా ఆలోచింపజేసిన ప్రశ్న. ఆయనకు పేరు తెచ్చిన చిత్రాల్లో శవాలు లేవు, ముళ్లకంచెలు లేవు. జరిగింది చెప్పడానికి ఆయన కలం వాడాడు: పేర్లతో, తేదీలతో, సాక్ష్యంగా. సాక్ష్యానికి అలంకారం తగిలితే ఎవరైనా వేలెత్తి చూపుతారు. ఆ జాగ్రత్త ఆయన రచనలో అడుగడుగునా ఉంది. బొమ్మకు వేరే పని ఇచ్చాడు. ఒకే బెంచీ మీద వరసగా కూర్చుని ఎవరికి వారే అన్నట్టున్న ఆ మెట్రో మనుషులను చూస్తుంటే, వచ్చినవారిని వచ్చినట్టు ఒక్కొక్కరినే నిలబెట్టి ఆచూకీ అడిగిన మనిషి గుర్తుకు వస్తాడు. ఇది నా ఊహ అనుకోండి, నేను మాత్రం ఆ బొమ్మలను వేరే విధంగా చూడలేను.

ఇంత పనిచేసినా చిత్రకారుడిగా పేరెందుకు ఆలస్యంగా వచ్చింది?

యుద్ధానికి ముందటి బొమ్మలు చాలావరకు నాశనమయ్యాయి. స్వదేశంలో నిషేధపు నీడ. 1957లో రాజకీయం కాస్త సడలినప్పుడు పోజ్నాన్, క్రాకోవ్ నగరాల్లో ప్రదర్శన జరిగింది, ఆ తర్వాత మళ్లీ తలుపులు మూసుకున్నాయి. పారిస్‌లో అప్పుడు అమూర్త చిత్రకళ ఊపు మీద ఉంది. మనిషి ఆకారం గీసేవారిని పాతకాలంవారిగా చూసేవారు. చాప్‌స్కి ఆనాటి చిత్రకారుడు నికొలా ద స్తాల్‌ను మెచ్చుకున్నాడు, అందరి నుంచీ నేర్చుకున్నాడు, తన దారి మాత్రం విడిచిపెట్టలేదు. స్విట్జర్లాండ్‌లోని కొందరు సేకర్తలు ఆయనను నిలబెట్టారు. 1985లో పారిస్ బియెనాలె అనే పెద్ద కళాప్రదర్శన నుంచి పిలుపు వచ్చేనాటికి వయసు 89.

దినచర్య పుస్తకాల సంగతి ఏమిటి?

270కి పైగా సంపుటాలు. రాత మధ్యలో బొమ్మలు, నీటిరంగులు, అంటించిన పత్రికా ముక్కలు, చదివిన పుస్తకాల నుంచి ఎత్తి రాసుకున్న వాక్యాలు. ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వేయ్ మాటలు ఎన్నోసార్లు వస్తాయి. చూపు తగ్గేకొద్దీ అక్షరాలు పెద్దవవుతూ పోతాయి. ఇప్పుడు ఇవి క్రాకోవ్ జాతీయ మ్యూజియం సంరక్షణలో ఉన్నాయి. నా మట్టుకు నాకు, ఆయన చేసిన అతి పెద్ద చిత్రం ఈ పుస్తకాల వరసే.

భారతదేశంతో ఏమైనా సంబంధం ఉందా?

చాప్‌స్కికి నేరుగా లేదు. ఆయనతో పాటు సోవియట్ గడ్డ దాటిన జనానికి ఉంది. ఆండర్స్ సైన్యం వెంట ఇరాన్ చేరిన పోలిష్ కుటుంబాల్లో, అనాథ పిల్లల్లో కొన్ని వేలమంది మన దేశానికి వచ్చారు. నవానగర్ జాంసాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ దగ్గర బాలాచడీలో పిల్లలకు ఆశ్రయం ఇచ్చాడు. కొల్హాపూర్ దగ్గర వలివడెలో దాదాపు 5,000 మందితో ఒక పోలిష్ ఊరే వెలిసింది. తల్లులు, పిల్లలు ఎక్కువగా ఉన్న ఆ ఊళ్లలో, తండ్రుల ఉత్తరం కోసం ఎదురుచూసిన ఇళ్లు ఉన్నాయి. చాప్‌స్కి జాబితాలు అలాంటి ఇళ్ల కోసమే.

ఇంకొక పోలిష్ కాందిశీక చిత్రకారుడు స్తెఫాన్ నోర్‌బ్లిన్ యుద్ధకాలంలో బొంబాయి చేరి, జోధ్‌పూర్ ఉమైద్ భవన్‌లో రామాయణ ఘట్టాలు చిత్రించాడు. ఆ కథకు వేరే పేజీ కావాలి.

ఆయన చివరి రోజులు?

చూపు బాగా దెబ్బతిన్నాక కూడా వేశాడు. గీతలు తగ్గాయి, రంగు విశాలమైంది. కొన్నింటిలో ఒక మేఘం, ఒక గిన్నె, అంతే. 1992లో పోలండ్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. 1993 జనవరి 12న మేజో లఫీత్‌లో కన్నుమూశాడు. పక్క ఊరు మెనీల్ ల ర్వాలో, అక్క పక్కనే సమాధి. ఏడేళ్ల తర్వాత గెద్రొయ్చ్‌ను కూడా అదే శ్మశానంలో ఖననం చేశారు.

బొమ్మలు ఎక్కడ చూడవచ్చు? ఎక్కడ మొదలుపెట్టాలి?

క్రాకోవ్ వెళ్లేవారు జాతీయ మ్యూజియానికి చెందిన చాప్‌స్కి పెవిలియన్ చూడాలి. 2016లో తెరిచారు. ఆయన తాత ఎమెరిక్ నాణేల సేకరణకు కట్టించిన మ్యూజియం ఆవరణలోనే ఉంది. వెళ్లలేనివారు ముందు దినచర్య పుటల చిత్రాలు వెతికి చూడండి, తర్వాత 1950ల నుంచి వేసిన మెట్రో, కాఫీ హోటల్ బొమ్మలు చూడండి. ప్రూస్త్ ఉపన్యాసాలు ఇంగ్లిషులో దొరుకుతాయి, ఒక్క సాయంత్రంలో చదవవచ్చు.

పెవిలియన్‌లో మేజో లఫీత్ గదిని, ఆయన వాడిన వస్తువులతోనే, ఉన్నది ఉన్నట్టు తిరిగి అమర్చారు. పడక ఉంది. చేయి చాపితే అందే దూరంలో పుస్తకాల అరలు, బొమ్మలు వేసుకునే సరంజామా ఉన్నాయి. అంత పొడుగు మనిషి ఇంత గదిలో నలభై ఏళ్లు ఎలా సర్దుకున్నాడా అనిపిస్తుంది.